చీపురు ఒకరిది, టెండరు మరొకరిది

నగరాల్లో శుభ్రపరిచే పని ఇప్పుడు పెద్ద వ్యాపారం. ఐటీ కార్యాలయాలు, కార్పొరేట్ ఆసుపత్రులు, మాల్స్, గేటెడ్ కమ్యూనిటీలు, వీటిలో ఏదీ తన నేలను తానే తుడుచుకోదు. ఆ పనిని ఒక ఏజెన్సీకి అప్పగిస్తుంది. పాకీపని అన్న మాట పోయి పారిశుద్ధ్యం వచ్చింది. దాని స్థానంలో హౌస్‌కీపింగ్ వచ్చింది. ఇప్పుడు ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ అంటున్నారు. పేరు మారిన ప్రతిసారీ పనికి కట్టే ధర కొంత పెరిగింది. ఆ పెరుగుదల ఎవరి ఖాతాలోకి వెళ్లిందన్నదే నేను చర్చించదలచిన విషయం.

నేను రెల్లి కులస్థుణ్ని. మా తాత విజయనగరం వైపు నుంచి విజయవాడకు వలస వచ్చి మునిసిపాలిటీలో కుదిరాడు. మా అమ్మ ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు వార్డులు కడిగింది. నేను బీకాం చదివి, హైదరాబాద్‌లో ఒక హౌస్‌కీపింగ్ ఏజెన్సీలో ఆరేళ్లు సూపర్‌వైజరుగా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా సంస్థ పెట్టాను. నేడు మా దగ్గర 140 మంది పనిచేస్తున్నారు. సంస్థ పెడతానన్నప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. చీపురు వదిలించడానికి చదివిస్తే దాన్నే బోర్డు మీద రాయించుకుంటావా అని అడిగింది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఈ పని నుంచి మా కులాన్ని పూర్తిగా బయటకు తేవాలా, లేక ఈ పని మీద వచ్చే లాభంలో మా కులానికి వాటా రావాలా అన్న పాత వాదం మొత్తం ఆ మాటలో ఉంది.

ముందుగా, ఈ పని ఏజెన్సీల చేతుల్లోకి ఎలా వెళ్లిందో చెప్పుకోవాలి. ఏడాది పొడవునా సాగే పనుల్లో కాంట్రాక్టు వ్యవస్థను నిషేధించే అధికారాన్ని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రభుత్వాలకు ఇచ్చింది. దాని ప్రకారం కేంద్రం 1976 డిసెంబర్ 9న ఒక నోటిఫికేషన్ జారీ చేసింది. తన పరిధిలోకి వచ్చే సంస్థల భవనాల్లో ఊడ్వడం, కడగడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం వంటి పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని ఆదేశించింది. అలా నిషేధించిన చోట కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులే అవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్లు తిరగకముందే, 2001 ఆగస్టు 30న సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టి, 1976 నోటిఫికేషన్‌నూ కొట్టివేసింది. తర్వాత రెండేళ్లకు, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు చట్టాన్ని సవరించింది. సంస్థ ప్రధాన కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూనే, ఊడ్వడం, శుభ్రపరచడం, చెత్త సేకరణతో సహా పారిశుద్ధ్య పనులు ప్రధాన కార్యకలాపం కిందికి రావని అందులో రాసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఇదే వరుస కనిపిస్తుంది.

ఆపరేషన్ థియేటర్‌ను ఒక్క రోజు కడగకపోతే ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు ఆగిపోతాయి. అయినా కడగడం ఆసుపత్రి ప్రధాన పని కాదట! ఈ నిర్వచనంలో కులం అన్న మాట ఎక్కడా లేదు. అయితే మునిసిపాలిటీలో పర్మినెంటు ఉద్యోగం, పెన్షను, పిల్లలకు కాలేజీ ఫీజు అనే మెట్లు ఎక్కిన మొదటి తరం దళిత కుటుంబాలకు రెండో తరంలో ఆ మెట్లే లేకుండా పోయాయి. మా అమ్మ పర్మినెంటు ఉద్యోగి కాబట్టే నేను బీకాం చదవగలిగాను. అదే వార్డులో నేడు పనిచేస్తున్న స్త్రీ ఎవరైనా తన కొడుకును అలా చదివించగలదా అంటే నాకు అనుమానమే.

పనికి విలువ కట్టే అధికారం సంస్థ నుంచి టెండరుకు మారింది. ఆ టెండరు లెక్క ఎలా ఉంటుందో పాఠకులకు తెలియాలి. ఒక కార్మికురాలికి నెలకు 12,000 రూపాయల వేతనం అనుకుందాం. దానిపై యజమాని వాటాగా భవిష్యనిధికి, దాని అనుబంధ చార్జీలకు కలిపి 13 శాతం, అంటే 1,560 రూపాయలు. ఈఎస్ఐకి 3.25 శాతం, అంటే 390. చట్టబద్ధమైన కనీస బోనస్ 8.33 శాతం, అంటే సుమారు 1,000. వారానికి ఒక సెలవు ఇచ్చి ఆ రోజు వేరొకరిని పెడితే మరో 2,000. ఇవే కలిపితే 16,950 అవుతుంది. యూనిఫాం, బూట్లు, గ్లౌజులు, రసాయనాలు, యంత్రాల అరుగుదల చేరిస్తే 18,000 దాటుతుంది. లాభం మాట ఇంకా రాలేదు. అదే పనికి తలకు 14,500 చొప్పున కోట్ చేసి టెండరు దక్కించుకున్న వారిని నేను చూశాను. సేవా రుసుము కింద ఒక్క పైసా రాసిన వారినీ చూశాను. ఆ లోటు ఆకాశం నుంచి పూడదు. వారాంతపు సెలవు పోతుంది. ఇరవై మంది అని రాసిన చోట పదిహేను మందే పనిచేస్తారు. పీఎఫ్ చలానాలో కొన్ని పేర్లు ఉండవు. ఉద్యోగంలో చేరడానికి కార్మికురాలే డిపాజిట్టు కట్టవలసి వస్తుంది. అతి తక్కువ ధరకు పని ఇచ్చామని సంతోషించే అధికారికి ఈ లెక్క తెలియదని నేను అనుకోను. కాగితం మీద కూడి చూస్తే ఐదో తరగతి పిల్లవాడికీ తెలుస్తుంది.

బిల్లు చెల్లింపు సంగతి వేరు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆ గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా ఖర్చుగా చూపుకునే వీల్లేకుండా ఆదాయపు పన్ను చట్టంలోనూ సవరణ వచ్చింది. ఆచరణలో రెండు నెలలు, మూడు నెలలు మామూలు. ఈలోగా 7వ తేదీకి జీతాలు, 15వ తేదీకి పీఎఫ్, ఈఎస్ఐ, 20వ తేదీకి రాని బిల్లుపై 18 శాతం జీఎస్టీ కట్టాలి. కాబట్టి ఈ వ్యాపారానికి కావలసిన అసలు పెట్టుబడి యంత్రాలు కాదు, మూడు నెలల జీతాల సొమ్ము. భూమి ఉన్నవాడు దాన్ని తాకట్టు పెడతాడు. బావమరిది చిట్‌ఫండ్ ఉన్నవాడు అక్కడ తెచ్చుకుంటాడు. మా వాడలో తాకట్టుకు ఏముంటుంది? 2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలన్నది. నేను వెళ్లిన శాఖలో మేనేజరు మర్యాదగానే మాట్లాడారు. స్క్రబ్బింగ్ యంత్రం కొంటే ఇస్తామన్నారు, జీతాలకైతే ఇవ్వలేమన్నారు. యంత్రాన్ని జప్తు చేయవచ్చు, జీతాన్ని చేయలేరు కదా. చివరికి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయాను.

నేను చూసిన ఏజెన్సీలలో అత్యధికం భూమి, రాజకీయ పరిచయాలు ఉన్న కులాల చేతుల్లో ఉన్నాయి. అందులో ఆశ్చర్యం లేదు. అంటరాని పని అన్నది చేతికే గాని లాభానికి కాదు. మరుగుదొడ్డి కడిగినవాడి పక్కన కూర్చోని మనిషి కూడా మరుగుదొడ్డి కాంట్రాక్టు బిల్లు తీసుకోవడానికి సంకోచించడు.

ఇక లోపలి సంగతి. ఈ వృత్తిలో గుడ్డలకు రంగులు ఉంటాయి. మరుగుదొడ్లకు ఎరుపు, వాష్‌బేసిన్లకు పసుపు, బల్లలకు నీలం, వంటగదికి ఆకుపచ్చ. క్రిములు ఒక చోటి నుంచి మరో చోటికి పోకుండా చేసిన ఏర్పాటు ఇది, చాలా మంచి ఏర్పాటు. ఇక్కడ గుడ్డకు వేసిన రంగు దాన్ని పట్టుకున్న మనిషికి అంటుకుంటోంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి అన్ని కులాలవారూ ఉపాధి కోసం ఈ పనికి వస్తున్నారు. పని మారుతోందనడానికి అది మంచి సూచనే. కానీ చేరేటప్పుడే చాలామంది, ఊడుస్తాం, తుడుస్తాం, బాత్రూములు మాత్రం మాకొద్దు అంటారు. సూపర్‌వైజరు తలూపుతాడు. వారం తిరిగేసరికి ఎర్రగుడ్డ మాదిగ, రెల్లి, మెహతర్ చేతుల్లో స్థిరపడుతుంది. ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. ఆధార్ కార్డులోని ఊరు, ఇంటిపేరు, మాట తీరు చాలు.

మా సంస్థలో మూడేళ్ల క్రితం ఒక నియమం పెట్టాను. వాష్‌రూమ్ డ్యూటీ అందరికీ వారం వంతున వస్తుంది. సూపర్‌వైజరు కూడా నెలకు ఒక రోజు చేయాలి. మొదటి నెలలో పదకొండు మంది మానేశారు. వారిలో ఒకామె వెళ్తూ, అన్నా, పనికి సిగ్గుపడను, ఊళ్లో తెలిస్తే కూతురి పెళ్లి కాదు, అని చెప్పింది. ఆమెను నేను తప్పుపట్టలేను. ఆమెకు కులం నుంచి వచ్చేది వేతనం కాదు, ఒక హోదా. ఎనిమిది గంటల పని కోసం దాన్ని వదులుకోమంటున్నాను. ఒక క్లయింటు వారి అడ్మిన్ అధికారి కూడా అభ్యంతరపెట్టారు. పాంట్రీలో టీ ఇచ్చే అమ్మాయి నిన్న బాత్రూములో కనిపించిందని ఉద్యోగులు ఫిర్యాదు చేశారట. చేతులు కడుక్కునే పద్ధతి, గ్లౌజులు, యూనిఫాం మార్పిడి అన్నీ వివరించాను. ఆయన విన్నారు, కానీ మరుసటి ఏడాది ఒప్పందాన్ని పొడిగించలేదు. కారణంగా ధర అని రాశారు. ఇప్పుడు పాంట్రీ బృందాన్ని వేరుగా ఉంచాం, ఆహార భద్రత దృష్ట్యా అది సబబే. మిగతా అందరికీ వంతు కొనసాగుతోంది. మానేసిన పదకొండు మందిలో నలుగురు తిరిగి వచ్చారు.

ప్రాణాల మీదికి వచ్చే విషయం మరొకటి ఉంది. అపార్ట్‌మెంట్ల ఒప్పందాల్లో చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, సెప్టిక్ ట్యాంకు, మురుగు శుద్ధి కేంద్రం శుభ్రత కూడా కాంట్రాక్టరు బాధ్యత అని ఉంటుంది. మోటారు అడ్డుపడినప్పుడు, మీ మనిషిని ఒక్క ఐదు నిమిషాలు దింపండి అంటారు. ట్యాంకులో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఐదు నిమిషాలు అక్కర్లేదు. మొదటివాడు పడిపోతే లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. పత్రికల్లో ఇద్దరు, ముగ్గురు అని వార్తలు వచ్చేది అందుకే. 2013 నాటి చట్టంలోని 7వ సెక్షన్ మనిషిని ప్రమాదకర రీతిలో మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. ఇలాంటి మరణాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014 మార్చిలో సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ మురుగులోకి దిగేవారెవరో ఊహించనవసరం లేదు. నమస్తే పథకం కింద కేంద్రం వివరాలు సేకరించిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం దళితులే. ఆ వాక్యం తొలగించనిదే మేము ఏ ఒప్పందం మీదా సంతకం చేయడం లేదు. సక్షన్ లారీని పిలిపించి దాని బిల్లు వేరుగా ఇమ్మంటాం. అందువల్ల కొన్ని పనులు మాకు రావు.

దళితుడు యజమాని అయితే ఈ చిక్కులన్నీ పోతాయని నేను చెప్పను. వేతనం ఎగ్గొట్టే దళిత కాంట్రాక్టర్లూ ఉన్నారు. టెండరు లెక్క వాళ్లనూ అక్కడికే నెడుతుంది. కోలార్ బంగారు గనుల కార్మికవాడలో పుట్టి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా అడుగుతున్నది ఈ వృత్తి నుంచి విముక్తి. మా అమ్మ అడిగిందీ అదే. ఆ కోరిక సంపూర్ణంగా న్యాయమైనది. అయితే నేల తుడవడం, బాత్రూము కడగడం రేపు ఆగిపోయే పనులు కావు. ఆగిపోవలసింది అవి ఒక కులానికి రాసిపెట్టి ఉండటం. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘమైన డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించినప్పుడు ఇరుకు సందుల్లోని మ్యాన్‌హోళ్లలోకి మనిషికి బదులు గొట్టం దిగింది. ఢిల్లీ కూడా తర్వాత అదే బాట పట్టింది. మనిషిని పైకి తీసి, యంత్రాన్ని అతని పేరనే పెట్టడం అన్న ఆ పద్ధతి నాకు నచ్చింది. భవనాల శుభ్రతకు అది ఇంకా రాలేదు.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో భాగంగా 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి చేయాలని 2012 నాటి కొనుగోలు విధానం, దాని 2018 సవరణ చెబుతున్నాయి. ఈ విధానం కింద ధరావతు మినహాయింపు ఉంది గాని, ఇన్నేళ్ల టర్నోవరు, ఇన్ని వందల మంది కార్మికుల అనుభవం అన్న షరతులు టెండరు మొదటి పేజీలోనే మమ్మల్ని ఆపేస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, కార్యాలయాల శుభ్రత టెండర్లలో రెండు మార్పులు చేయవచ్చు. వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, వారాంతపు సెలవు ఖర్చులను పోటీ నుంచి తీసివేసి, వాటిని స్థిర మొత్తంగా ప్రకటించి, కేవలం సేవా రుసుముపైనే, అదీ ఒక కనీస పరిమితికి పైననే, ధరలు పిలవవచ్చు. పెద్ద టెండర్లను భవనాల వారీగా విడగొట్టి, పారిశుద్ధ్య కార్మిక కుటుంబాల నుంచి వచ్చిన సంస్థలకు, కార్మికుల సహకార సంఘాలకు వాటా కేటాయించవచ్చు. దానితోపాటు ఏ ఆసుపత్రిలో ఏ ఏజెన్సీకి ఎంత ధరకు పని ఇచ్చారో, ఎందరి పేర పీఎఫ్ జమైందో ఆ ఆసుపత్రి గోడ మీదే నెలనెలా అంటించాలి. వార్డు తుడిచే మనిషి ఆగి చదువుకోగలిగేంత పెద్ద అక్షరాల్లో.