పైకప్పున చిత్రములు

శ్రీలంక నైరుతి తీరమున బెంతొట యను ఊరు కలదు. అచ్చట 1969 లో యాత్రికులకై ఒక హోటలు నిర్మింపబడెను. దానిని రూపొందించిన వాస్తుశిల్పి జెఫ్రీ బావా. ఆ దినములలో ఆ దేశమున విదేశ వస్తువుల దిగుమతిపై ఆంక్షలుండెను. అందుచే బావా స్వదేశపు రాతిని, కలపను, స్వదేశీయుల హస్తకౌశలమును నమ్ముకొనెను.

అతిథులు మొదట అడుగిడు మందిరపు పైకప్పును ఈనా డి సిల్వా యను కళాకారిణి బాతిక్ వస్త్రములతో తీర్చిదిద్దెను. బాతిక్ పనికి ఓర్పు మిక్కిలి అవసరము. బట్టపై రంగు సోకగూడని చోట్ల కరగిన మైనమును పూసి, పిదప బట్టను రంగులో ముంచుదురు. మైనమున్నచోట రంగు అంటదు. ఒక్కొక్క రంగునకు ఈ పని మరల చేయవలెను. తుదకు వేడినీటిలో మైనమును తొలగింపగా చిత్రము బయలుపడును. తెలుగునాటి తీరమున పూర్వము కలంకారీ పనివారును నీలిరంగు వేయునపుడు ఇట్లే మైనమును వాడెడివారు.

గాల్ నగరమున 1997 లో పూర్తియైన మరియొక హోటలునందు బావా మెట్లదారిని లకీ సేనానాయకకు అప్పగించెను. 1630 లో సింహళీయులు పోర్చుగీసువారిని ఓడించిన యుద్ధమును ఆ శిల్పి లోహమున మలచెను. ఆ యోధుల విగ్రహములే మెట్లకు చేపట్టు గోడయైనవి.

ఈ కళాఖండములు గోడకు తగిలించిన అలంకారములు కావు, కట్టడమునకు అంగములు. ఈనా తరువాత అలువిహారె గ్రామమున స్త్రీలకు బాతిక్, కుట్టుపని నేర్పి జీవనోపాధి కల్పించెను. పొగడ్తలచే కళ నిలువదు. పనివాని చేతికి పని దొరకిననాడే నిలుచును.