చెవి వినడానికే కాదు, నిలబడటానికి కూడా

రాత్రి కరెంటు పోయింది, చీకట్లో మెట్లు దిగుతున్నాం అనుకోండి. మనకున్న ఇబ్బంది ఒక్కటే, మెట్టు కనపడదు. సైగల భాషలో మాట్లాడుకునే బధిరులకి పక్కవాళ్ళ మాట కూడా కనపడదు. వాళ్ళలో కొందరికి మూడో ఇబ్బంది కూడా ఉంటుంది. ఒళ్ళు తూలుతుంది.

కారణం లోపలి చెవిలో ఉంది. శబ్దాన్ని పట్టే కాక్లియా పక్కనే మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే నాళాలు జైరోస్కోప్, సంచులు యాక్సిలరోమీటర్ అన్నమాట. వినికిడికీ, నిలకడకీ ద్రవం ఒకటే, మెదడుకి వెళ్ళే ఎనిమిదో కపాల నాడీ ఒకటే. అందుకే మెనింజైటిస్ లాంటి జబ్బు వస్తే రెండూ ఒకేసారి దెబ్బతినొచ్చు. 1882లో విలియం జేమ్స్ 519 మంది బధిరుల వివరాలు సేకరిస్తే, గిరగిరా తిరిగినా 186 మందికి కళ్ళు తిరగవని తేలింది. తర్వాత అమెరికాలో గాలొడెట్ కాలేజీకి చెందిన 11 మంది బధిరులు ఇదే కారణంగా అంతరిక్ష ప్రయోగాల పరీక్షల్లో పాల్గొన్నారు.

అలాగని బధిరులందరికీ ఈ సమస్య ఉండదు. ఎవరికుందో పరీక్షించి తెలుసుకోవాలి. మామూలు పరీక్షలు తేలికే. గట్టి నేల మీద, తర్వాత మెత్తటి ఫోమ్ మీద కళ్ళు తెరిచి, మూసి నిలబెడతారు. ఫోమ్ మీద పాదాల సమాచారం సరిగా అందదు, కళ్ళు మూస్తే చూపూ ఉండదు. ఇక మిగిలేది లోపలి చెవి ఒక్కటే. అదీ పనిచేయకపోతే మనిషి తూలిపోతాడు. ఇంకో పరీక్షలో కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు.

చిక్కంతా ఇక్కడే. కళ్ళు మూసుకున్న బధిరుడికి "అయిపోయింది, తెరవండి" అని ఎలా చెప్తారు? చేతులు ఛాతీ మీద కట్టుకోమంటే, భయమేస్తోందని ఆయన ఎలా చెప్తాడు? నడుస్తూ ఇంటర్‌ప్రెటర్ వైపు తల తిప్పితే ఆ కొలతే మారిపోతుంది. కాబట్టి సూచనలన్నీ ముందే సైగల్లో చెప్పి, చేసి చూపించాలి. భుజం మీద ఒకసారి తడితే కళ్ళు తెరవాలని, రెండుసార్లు తడితే ఆగాలని ముందే మాట్లాడుకోవాలి. పడిపోకుండా పక్కన ఒకరు నిలబడి తీరాలి. "కళ్ళు తిరుగుతున్నాయా?" లాంటి ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి ఊరుకోకూడదు, సైగల్లోనే అడగాలి. ఇంట్లోవాళ్ళు మధ్యలో ఉంటే, పడిన సంగతి దాచేసే ప్రమాదమూ ఉంది.

ఇంకో పరీక్ష మన ప్రగతి నగర్ రోడ్ల మీదే దొరుకుతుంది. సాయంత్రం అంబీర్ చెరువు వైపు ఇద్దరు బధిర మిత్రులు మాట్లాడుకుంటూ నడుస్తున్నారనుకోండి. కళ్ళు స్నేహితుడి చేతుల మీద ఉంటాయి, గుంత కాళ్ళ కింద ఉంటుంది. అందుకే సైగ చేస్తూ నడిచినప్పుడు వేగం ఎంత తగ్గుతోందో, అడుగు ఎలా పడుతోందో కూడా కొలవాలి.

ఇందులో మనం చేయగలిగింది కూడా ఉంది. జైరోస్కోప్, యాక్సిలరోమీటర్, వైబ్రేషన్ మోటార్ మన జేబులోని ఫోన్‌లోనే ఉన్నాయి. నడుముకి కట్టుకుంటే తూలడాన్ని కొలుస్తుంది, సమయం అవ్వగానే వణికి చెప్తుంది. మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కుంటున్నారా? అయితే మొదట బధిరులతోనే కూర్చుని అడగండి. కోడ్ ఆ తర్వాత రాయొచ్చు.