ఇంజను లేని కారు

ఊళ్ళో పిల్లలకు బండి కావాలంటే ఎవరినీ అడగరు. రెండు తాటికాయలు తెస్తారు. మధ్యలో కర్ర గుచ్చుతారు. పంగల కర్రతో నెట్టుకుంటూ వీధులన్నీ తిరుగుతారు. టౌను పిల్లలైతే మెకానిక్ షాపులో పాత బేరింగులు అడిగి తెచ్చుకుంటారు. వాటిని ఒక చెక్కకు బిగిస్తే బేరింగుల బండి తయారు. ఒకడు కూర్చుంటాడు, ఇంకొకడు వెనక నుంచి తోస్తాడు.

అమెరికా దేశంలో ఇలాంటి పిల్లల బండే ఒక పెద్ద పందెానికి దారి తీసింది. ఆ పందెం కథ పెద్దవాళ్ళు కూడా తెలుసుకోవాలి. అందులో గెలుపు ఉంది. ఒక పెద్ద తప్పు కూడా ఉంది.

సబ్బు పెట్టెతో మొదలు

అది 1933వ సంవత్సరం. అమెరికాలో కరువు కాలం లాంటి కాలం. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పనిచేసే వాళ్ళలో నలుగురికి ఒకరు పని లేక ఖాళీగా ఉన్నారు. తినడానికే కష్టమైతే పిల్లలకు ఆటబొమ్మలు కొనేదెవరు?

ఆ రోజుల్లో కొట్లకు సబ్బులు చెక్కపెట్టెల్లో వచ్చేవి. పిల్లలు ఆ ఖాళీ పెట్టెలు తెచ్చుకునేవాళ్ళు. చంటిపిల్లలను తిప్పే పాత బండి చక్రాలు వాటికి బిగించేవాళ్ళు. వాలుగా ఉన్న రోడ్డు పైకి తీసుకుపోయి, ఎక్కి కూర్చుని జారేవాళ్ళు. అందుకే వీటికి ‘సోప్ బాక్స్’ బండ్లని పేరు వచ్చింది. సోప్ బాక్స్ అంటే సబ్బు పెట్టె.

ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే నగరం ఉంది. అక్కడ మైరన్ స్కాట్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్ పిల్లల పందెం చూశాడు. ఫోటోలు తీశాడు. మళ్ళీ పందెం పెడదాం, రండి అన్నాడు. ఆ ఏడాది ఆగస్టులో పెద్ద పందెం పెడితే 362 మంది పిల్లలు వచ్చారు. 1934లో అది దేశమంతటికీ పోటీ అయింది. 1935లో అక్రన్ అనే నగరానికి మారింది. 1936లో అక్కడ వాలు మీద పందెం కోసమే ఒక బాట వేశారు. పని లేనివాళ్ళకు పని చూపించే ప్రభుత్వ పథకం కింద ఆ బాట కట్టారు. యుద్ధం వచ్చినప్పుడు 1942 నుంచి 1945 దాకా పందెం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

బండి ఎలా పరుగెత్తుతుంది?

ఆ కాలపు పెద్ద పందెం కార్లంటే పిల్లలకు మోజు. అందుకే తమ బండిని కూడా అలాగే చేసేవాళ్ళు. ముక్కు పొడుగ్గా, తోక సన్నంగా ఉండేది. పక్కన పెద్ద నంబరు వేసేవాళ్ళు. చూడటానికి కారే. లోపల మాత్రం ఇంజను లేదు. పెట్రోలు లేదు. ముందు ఇరుసును తాడుతోనో తీగతోనో తిప్పాలి. పాదంతో నొక్కితే రబ్బరు ముక్క రోడ్డును రాసుకుంటుంది. అదే బ్రేకు.

మరి బండిని లాగేదెవరు? భూమి. చేతిలోంచి వదిలిన రాయిని భూమి కిందికి లాగుతుంది కదా. వాలు మీద బండిని కూడా అలాగే లాగుతుంది.

బండిని ఆపేవి కూడా ఉన్నాయి. ఒకటి ఇరుసు దగ్గర రాపిడి. ఎడ్లబండికి కందెన ఎందుకు పెడతాం? రాపిడి తగ్గడానికి. ఈ బండికీ అంతే.

రెండోది గాలి. ధాన్యం తూర్పార పట్టేటప్పుడు చూడండి. పొట్టును గాలి ఎత్తుకుపోతుంది. గింజ మాత్రం నేరుగా కింద పడుతుంది. తేలిక వస్తువు గాలికి లొంగుతుంది. బరువైనది అంతగా లొంగదు. బండి కూడా బరువుగా ఉంటే గాలిని తట్టుకుని వేగంగా దిగుతుంది. అందుకే బరువుకు హద్దు పెట్టారు. బండీ, పిల్లవాడూ కలిసి 250 పౌన్లు దాటకూడదని చాలా ఏళ్ళు నియమం ఉండేది. అంటే సుమారు 113 కిలోలు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉండేది. బండిని పిల్లలే చెయ్యాలి.

1973లో ఏం జరిగింది?

ఆ ఏడు 14 ఏళ్ళ కుర్రవాడు గెలిచాడు. ప్రతిసారీ అతని బండి మొదట్లోనే ముందుకు దూకింది. కానీ ఒక్కో పందెానికీ ఆ దూకుడు తగ్గుతూ వచ్చింది. చూసేవాళ్ళకు అనుమానం వచ్చింది.

పందెం మొదట్లో బండ్లు ఒక ఇనుప పలకకు ఆనుకుని నిలబడతాయి. ఆ పలక ముందుకు పడిపోగానే బండ్లు కదులుతాయి. అధికారులు ఈ కుర్రవాడి బండికి ఎక్స్‌రే తీయించారు. ముక్కులో కరెంటు అయస్కాంతం బయటపడింది. తల వెనక్కి ఆనించే చోట దాని స్విచ్చి ఉంది. తల ఆనిస్తే అయస్కాంతం పనిచేస్తుంది. ముందుకు పడే పలకతో పాటు బండిని కూడా లాగుతుంది. బ్యాటరీ అరిగే కొద్దీ ఆ లాగుడు తగ్గింది. అదీ అసలు సంగతి.

బహుమతి వెనక్కి తీసుకున్నారు. రెండో స్థానంలో వచ్చిన పిల్లవాడిని విజేతగా ప్రకటించారు.

అయితే అయస్కాంతం ఆలోచన వెనక ఆ కుర్రవాడి దగ్గరి బంధువు ఒకాయన ఉన్నాడు. ఆయన చదువుకున్న ఇంజనీరు. పిల్లవాడిని తప్పుదారి పట్టించాడని ఆయన మీద కేసు పెట్టారు. ఆయన డబ్బు కట్టుకోవలసి వచ్చింది. కానీ దేశమంతా దొంగ అని చూసింది ఆ పిల్లవాడినే.

పెద్దవాళ్ళకు గెలవాలనే ఆశ పెరిగితే ఇలాగే అవుతుంది. పిల్లల చేతిలో సుత్తి లాక్కుంటారు. బండి బాగుంటుంది. పిల్లవాడికి మాత్రం పని రాదు. పైగా తప్పు చెయ్యడం వస్తుంది.

అమ్మాయిల వంతు

దాదాపు 40 ఏళ్ళు ఈ జాతీయ పోటీ అబ్బాయిలదే. 1971లో అమ్మాయిలను కూడా రానిచ్చారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1975లో, కారెన్ స్టెడ్ అనే 11 ఏళ్ళ అమ్మాయి జాతీయ విజేత అయింది. అవకాశం ఇవ్వనంత కాలం చేతకాదనే అనుకుంటారు. ఇస్తేనే కదా తెలిసేది.

మన ఇంట్లో

మీ పిల్లలు కూడా బండి చేస్తారు. మేకు వంకరగా కొడతారు. చక్రం ఒక పక్కకు లాగుతుంది. వెంటనే లాక్కుని సరిచెయ్యకండి. ఎందుకు లాగుతోందో అడగండి. వాళ్ళే ఊడదీసి మళ్ళీ బిగిస్తారు. మేకులు, రంపం పట్టుకున్నప్పుడు మాత్రం పక్కన ఉండండి. లారీలు, బస్సులు తిరిగే రోడ్డు మీదికి బండిని పోనివ్వకండి. బ్రేకు లేని బండిని వాలు మీద ఎక్కనివ్వకండి.

వంకర బండి అయినా, అది వాళ్ళ బండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. బండి బరువుకు హద్దు ఎందుకు పెట్టారు?
2. 1973లో తప్పు ఎవరిది? పిల్లవాడిదా, పెద్దాయనదా, ఇద్దరిదా?
3. బడిలో పిల్లలు చెయ్యవలసిన పని ఇంట్లో పెద్దలు చేసిపెట్టడం మీరు చూశారా? దానివల్ల లాభమా, నష్టమా?
4. మీ చిన్నప్పుడు మీరు చేసిన బండి గురించి అయిదు వాక్యాలు రాయండి.