కొండల చాటు ఊరు: కాల్గరీ

పోయిన డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే అక్క వాళ్ళ దగ్గరికి కెనడా వెళ్ళా. వాళ్ళుండేది అల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీలో. విమానం దిగిన రోజు మైనస్ 24. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల గడ్డ కడుతోంది. మూడో రోజు పొద్దున్నే లేచి చూస్తే ప్లస్ 8! చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కింటాయన టీషర్ట్ మీదే కుక్కని తిప్పుతున్నాడు.

"ఇదేం విచిత్రం బావా?" అంటే, బావ కిటికీలోంచి పడమర వైపు చూపించాడు. ఆకాశమంతా బూడిదరంగు మేఘం, దాని అంచు కింద, కొండల మీద మాత్రం విల్లులా వంగిన నీలం. "చినూక్ ఆర్చ్ అంటారు. అది కనపడిందంటే వేడిగాలి దిగినట్టే" అన్నాడు. అక్క మాత్రం తలనొప్పి మాత్ర వెతుక్కుంటోంది. చినూక్ వచ్చినప్పుడల్లా తనకి అంతేనట.

ఇది అర్థం కావాలంటే ముందు ఊరు ఎక్కడుందో తెలియాలి. కాల్గరీకి తూర్పున ప్రెయిరీ, అంటే కనుచూపు మేర చదునైన గడ్డిమైదానం. పడమర గంటసేపు కారులో వెళ్తే రాకీ పర్వతాలు. ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకి కొంచెం పైన ఉంటుంది. బో, ఎల్బో అనే రెండు నదులు కలిసే చోట 1875లో పోలీసులు ఒక కోట కట్టారు, 1883లో రైలు వచ్చింది. అంతకు ఎంతో ముందు నుంచే అది బ్లాక్‌ఫుట్ ప్రజల నేల.

ఇప్పుడు మనం థర్మోడైనమిక్స్ క్లాసులో నిద్రపోయిన భాగానికి వద్దాం. పసిఫిక్ సముద్రం మీది తడిగాలి కొండలెక్కుతుంది. ఎక్కే కొద్దీ చల్లబడి, మబ్బు కట్టి, వానగానో మంచుగానో కురిసేస్తుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు గుప్తోష్ణం విడుదలవుతుంది కాబట్టి ఆ గాలి కిలోమీటరుకి సుమారు 6 డిగ్రీలే చల్లబడుతుంది. ఇవతలికి దిగేటప్పుడు పొడిగాలి. అది కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. సులువుగా లెక్కేద్దాం: తీరంలో 10 డిగ్రీలున్న గాలి 3 కిలోమీటర్లు ఎక్కితే మైనస్ 8. అక్కడి నుంచి 2 కిలోమీటర్లు దిగి కాల్గరీ చేరేసరికి ప్లస్ 12. బయల్దేరినప్పటి కంటే వెచ్చగా చేరిందన్నమాట! అందుకే ఈ గాలికి 'మంచు తినేది' అని ఇంకో పేరు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో నాన్నకి ఇదంతా ఉత్సాహంగా చెప్పా. మాది అనంతపురం జిల్లా, శనక్కాయ పండించే ఇల్లు. నాన్న అంతా విని ఒకటే అడిగాడు: "వాన అవతలే పడిపోతే, ఆడ నీళ్ళెట్లరా?"

నాకు దిమ్మతిరిగింది. నిజమే కదా! పడమటి కనుమలు నైరుతి మేఘాలని ఆపేస్తే మన సీమ ఎండినట్టే, రాకీల చాటున కాల్గరీ ఉంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. కాల్గరీలో మంచుతో కలిపినా సగటున సుమారు 420 మాత్రమే. మరి పది లక్షలు దాటిన జనానికి నీళ్ళెక్కడివి?

జవాబు ఆదివారం బాన్ఫ్ వెళ్ళేటప్పుడు దొరికింది. 1885లో మొదలైన బాన్ఫ్ కెనడాలో మొదటి నేషనల్ పార్క్. హైవే మీదుగా చెట్లు మొలిచిన వంతెనలు కనిపించాయి. అవి ఎలుగుబంట్లు, జింకలు రోడ్డు దాటడానికి కట్టినవి! కొండల్లోకి వచ్చాక రోడ్డు పక్కనే బో నది, మేం దానికి ఎదురు వెళ్తున్నాం. లేక్ లూయిస్ నీలం నీళ్ళు చూద్దామని వెళ్ళి, గడ్డకట్టిన చెరువు మీద నడిచొచ్చాం. చుట్టూ కొండల మీద ఆరు నెలల మంచు. అప్పుడర్థమైంది, కాల్గరీ చెరువు ఊళ్ళో లేదు, కొండ మీదుంది. శీతకాలమంతా మంచుగా నిండి, ఎండాకాలం మెల్లగా కరిగి నదిలోకి దిగుతుంది. ఆ మంచు అయిపోయాక, ఆగస్టులో, కొంత ఆదుకునేవి హిమానీనదాలు.

నాన్నకి అదే చెప్తే, "చెరువు ఒక్కసారే తెగితే?" అన్నాడు.

తెగింది కూడా. 2013 జూన్‌లో ఇంకా మంచున్న కొండల మీద కుండపోత పడి, రెండు నదులూ ఊరి మీద పడ్డాయి. డౌన్‌టౌన్ మొత్తం ఖాళీ చేయించారు. తర్వాత ఎల్బో వరదని మళ్ళించడానికి ఊరికి ఎగువన, స్ప్రింగ్‌బ్యాంక్ దగ్గర రిజర్వాయర్ కట్టారు. రెండో వైపు కరువు భయం కూడా ఉంది. ఉన్న నీళ్ళన్నీ ఇప్పటికే పంచేశారని, బో బేసిన్‌లో 2006 నుంచి కొత్త వాటాలకి దరఖాస్తులు తీసుకోవడం లేదు. భూమి వేడెక్కి హిమానీనదాలు కుదించుకుపోతున్నాయి. మంచు ముందే కరిగితే వసంతంలో నీళ్ళెక్కువ, పంటకి కావాల్సిన రోజుల్లో తక్కువ.

మీలో ఎవరైనా అక్కడికి ఎంఎస్‌కి వెళ్తే, ఎంత మందం జాకెట్ కొనాలో చాలామంది చెప్తారు. నేను చెప్పేది ఒకటే. చినూక్ వీచిన మధ్యాహ్నం బో ఒడ్డుకి వెళ్ళి కాసేపు నిలబడండి. ముఖానికి తగిలే వెచ్చదనం, కాళ్ళ ముందు పారే చల్లదనం రెండూ ఆ కొండల నుంచే వస్తుంటాయి. నేనైతే అక్కడ నిలబడి మా ఎండిపోయిన బోరుని తలుచుకున్నా. కొండ చాటున ఉండడం రెండు ఊళ్ళకీ ఒకటే, కానీ మా కనుమల మీద మంచు నిలవదు.