సహధర్మము

దాంపత్యసుఖమునకు దైవభక్తి తోడ్పడునా యని మనలో ననేకులు సందేహించుచుందురు. నిత్యము నోములు నోచు నిండ్లలో కలహములును, దైవమును నమ్మనివా రిండ్లలో ననురాగమును కానవచ్చుటయే యిందులకు కారణము. సోదరీమణులారా! భక్తి యెంత యని గాక, యెట్టిదని విచారించినచో నీ చిక్కు విడునని మేము తలచెదము.

భారతమున నరణ్యపర్వమునందలి ద్రౌపదీ ధర్మరాజుల సంవాదమును స్మరింపుడు. రాజ్యము పోయి యడవులపాలైన ద్రౌపది, ధర్మమును కాపాడినవారిని ధర్మము కాపాడు నందురే, మనల నేల కాపాడలేదని పెనిమిటిని నిలదీసెను. విధాతను సైతము నిందించెను. ధర్మరాజు నోరు మూయుమనలేదు. ఆమె మాటలన్నియు విని, యవి యింపైనవే గాని నాస్తికమును బోలియున్నవనియు, తాను ఫలము గోరి ధర్మము నాచరింపలేదనియు, ధర్మముతో వర్తకము చేయువాడు హీనుడనియు బదులు చెప్పెను.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. ఆలుమగలకు విశ్వాసమున భేదము వచ్చినను, ఒకరి మాట నొకరు వినునంతటి గౌరవ మున్నచో కాపురము చెడదు. ఫలాపేక్షతో చేయు భక్తి బేరమే యగును. వరలక్ష్మీవ్రతము చేసి, సాయంకాలమునకు క్రొత్త నగ రాలేదని యలిగినచో, ఆ పూజ లక్ష్మీదేవికి చెందినదా, కంసాలికి చెందినదా?

ఇక దంపతుల విశ్వాస మొక్కటియైనచో నెంత బలమిచ్చునో రాజ్యలక్ష్మమ్మగారి చరిత్ర చెప్పుచున్నది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆమె భర్తయగు కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ యుద్యమమునకు జడిసి వంటవారును నీళ్లవారును పని మానగా, ఆమెయే గోదావరినుండి నీరు మోసితెచ్చి వండిపెట్టెను. ఆర్తులకు తోడుపడుటయే వారిరువురి యారాధనము.

అయినను నీ భారము భార్యదే యనరాదు. ధర్మార్థకామములయందు నిన్నతిక్రమింపనని పెండ్లిలో ప్రతిజ్ఞ చేయువాడు వరుడు. ఏడడుగులు నడచునది యిద్దరు. సప్తపది యాచారముగల వివాహము ఏడవ యడుగుతోనే పూర్ణమగునని 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టమును చెప్పుచున్నది. ఉపవాసములు భార్యకును, అధికారము భర్తకును పంచుట సహధర్మము కాదు. దెబ్బలు సహించుటయే పాతివ్రత్యమను బోధ భక్తి యసలే కాదు. అట్టి యాపద గలిగిన సోదరి పుట్టినింటికి చెప్పుకొనుటయు, 2005వ సంవత్సరపు గృహహింస చట్టము నాశ్రయించుటయు దోషములు కావు.

కావున సంధ్యాదీపము వెలిగించునప్పుడు మన కోరికల పట్టికను చదువుట మాని, నేడు మన యింట నెవరి మనసైన నొప్పించితిమా యని తలచుకొందము. భర్తలను నట్లే తలచుకొనుమని చనువుతో చెప్పుదము. ఇరువురి నడవడిని దిద్దిన భక్తియే యింటికి సుఖము నిచ్చును.