ఖాకీ తొడిగిన మన పిల్లలు: శాలువాతో ఆగిపోని సన్మానం

మన సొసైటీ వార్షిక సభల్లో పదవ తరగతిలో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, నగదు బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. అది మంచి ఆనవాయితీ. అయితే ఆ వరుసలో కనబడని పిల్లలు కొందరు ఉన్నారు. తెల్లవారకముందే లేచి, ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు తొడుక్కుని, బూట్లు మెరిసేలా పాలిష్ పెట్టుకుని పరేడ్ మైదానానికి పరుగెత్తే ఎన్.సి.సి. క్యాడెట్లు వీరు. వీళ్ళలో కొందరి మార్కులు నూటికి అరవై దగ్గరే ఉంటాయి. కానీ నలభై మంది పిల్లలను ఒక్క కేకతో వరుసలో నిలబెట్టగలరు.

వీళ్ళనూ సన్మానించాలని కొందరు దాతలు అడుగుతున్నారు. చాలా సంతోషం. ఆ సన్మానం ఎవరికి చేయాలి, ఎప్పుడు చేయాలి, ఏ రూపంలో చేస్తే ఆ బిడ్డకు పనికొస్తుంది అన్న మూడు సంగతులను, ఎన్నో ఏళ్ళుగా హైస్కూలు పిల్లల మధ్య ఉన్న ఉపాధ్యాయుడిగా ఇక్కడ వివరిస్తాను.

ఎన్.సి.సి. అంటే ఏమిటి?

నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో చేసిన చట్టంతో ఏర్పడింది. బడుల్లో, కాలేజీల్లో ఇటువంటి సంస్థ ఉండాలని పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసు చేసింది. 1949లో ఆడపిల్లల విభాగం, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకా విభాగం చేరాయి. దాదాపు 20 వేల మందితో మొదలైన సంస్థ 17 లక్షల క్యాడెట్ల స్థాయికి పెరిగింది. 2024లో కేంద్రం మరో 3 లక్షల స్థానాలకు అనుమతి ఇచ్చింది. దీని నినాదం 'ఏకతా ఔర్ అనుశాసన్', అంటే ఐకమత్యం, క్రమశిక్షణ.

ఇది రక్షణ మంత్రిత్వ శాఖ కింద నడుస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల డైరెక్టరేట్ సికింద్రాబాదులో ఉంది. మన జిల్లా బడులకు కడపలోని బెటాలియన్ ఆఫీసు దిక్కు. బెటాలియన్‌ను సైన్యంలో పనిచేసే అధికారి చూసుకుంటాడు. బడిలో మాత్రం ఒక ఉపాధ్యాయుడే శిక్షణ పొంది అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసర్‌గా ఉంటాడు. ఈ శిక్షణ మగవారికి నాగపూర్ దగ్గరి కాంప్టీలో, ఆడవారికి గ్వాలియర్‌లో ఇస్తారు. పాఠాలు చెబుతూనే ఈ బాధ్యత మోస్తున్న ఆ ఉపాధ్యాయులు కూడా మన గౌరవానికి అర్హులే.

పిల్లలకు డ్రిల్లు, పాయింట్ టూ టూ రైఫిల్‌తో గురి చూసి కాల్చడం, మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, విపత్తు వేళ సాయపడటం, పరిశుభ్రత, సమాజ సేవ నేర్పుతారు. బాగా చేసినవారికి లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్ హోదాలు వస్తాయి. సార్జెంటు అయిన తొమ్మిదో తరగతి పిల్లవాడు చిన్న తరగతుల క్యాడెట్ల హాజరు చూడాలి. ఎవరి బెల్టు వదులుగా ఉంది, ఎవరు ఏమీ తినకుండా వచ్చారు, ఎవరికి ఎండదెబ్బ తగిలేటట్టుంది అని కనిపెట్టుకుని ఉండాలి. మన ఎర్రగుంట్ల ఎండలో ఇది చిన్న పని కాదు. నాయకత్వం అన్న మాటకు ఆ వయసులో అర్థం ఇదే.

మూడు మెట్లు

ఎన్.సి.సి.లో మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. దాతలు ముఖ్యంగా తెలుసుకోవలసింది వీటి గురించే.

మొదటిది 'ఎ' సర్టిఫికెట్. హైస్కూల్లో, మామూలుగా 8, 9 తరగతుల్లో, రెండేళ్ళ శిక్షణ ఉంటుంది. పరేడ్లకు కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఒక శిక్షణ శిబిరానికి వెళ్ళి ఉండాలి, ఆ తర్వాత పరీక్ష రాయాలి. రెండవది 'బి'. కాలేజీలో సీనియర్ విభాగంలో రెండేళ్ళ తర్వాత వస్తుంది. మూడవది 'సి'. సీనియర్ విభాగంలో మూడో ఏట రాసే పరీక్ష ఇది.

వీటి విలువ ఒకటి కాదు. అగ్నివీర్ ఎంపికల్లో ఎన్.సి.సి. సర్టిఫికెట్లకు అదనపు మార్కులు ఉన్నాయి. 'ఎ' కంటే 'బి'కి, 'బి' కంటే 'సి'కి ఎక్కువ. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారు సైన్యంలో అధికారి ఉద్యోగానికి ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. వీరికి రాతపరీక్ష ఉండదు. దరఖాస్తుల వడపోతలో నిలిస్తే నేరుగా ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకు పిలుస్తారు. లక్షల మంది రాసే పరీక్ష అడ్డు తొలగడం అంటే కోచింగ్‌కు పంపలేని ఇంటికి ఎంత పెద్ద మాటో దాతలకు వేరే చెప్పనక్కరలేదు.

అంటే ఫలితం చాలావరకు మూడో మెట్టు మీద ఉంది. మనం శాలువా కప్పేది మొదటి మెట్టు మీద ఉన్న బిడ్డకు.

బిడ్డలు ఎక్కడ జారిపోతున్నారు?

తొమ్మిదిలో మంచి సార్జెంటు అనిపించుకున్న పిల్లవాడు పదిలో పరీక్షల పని మీద పరేడుకు దూరమవుతాడు. ఫలితాలు వస్తాయి. జూన్ లోపల ఇంటర్‌లో ఎక్కడ చేర్చాలా అని ఇంట్లో మాట వస్తుంది. తండ్రి నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలోనో, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కిందనో పని చేస్తుంటాడు. ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు: ఫీజు ఎంత, బస్సు ఉందా. ఆ కాలేజీలో ఎన్.సి.సి. ఉందా అని అడగాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. పరేడు చేయడానికి చోటు లేని భవనాల్లో నడిచే జూనియర్ కాలేజీలు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. బిడ్డ అక్కడ చేరతాడు. ఖాకీ బట్టలు ట్రంకు పెట్టెలోకి పోతాయి. రెండేళ్ళ కష్టం ఒక కాగితంగా మిగిలిపోతుంది.

ఇంటర్‌లో దొరక్కపోయినా దారి మూసుకుపోలేదు. డిగ్రీ మొదటి ఏట ఎన్.సి.సి.లో చేరినా ఆ మూడేళ్ళలో 'సి' వరకు పోవచ్చు. డిగ్రీకి కాలేజీ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి చెప్పే మనిషి ఒకరుంటే చాలు. ఆ మనిషి లేకపోవడమే అసలు కొరత.

తల్లిదండ్రుల సందేహాలు

ఎన్.సి.సి.లో చేరితే బలవంతంగా పట్టాళానికి పంపిస్తారేమోనన్న భయం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. అలాంటిదేమీ లేదు. ఎన్.సి.సి. చట్టం క్యాడెట్ల మీద యుద్ధసేవ బాధ్యత ఏదీ పెట్టలేదు. సైన్యంలో చేరడం, చేరకపోవడం పూర్తిగా వారి ఇష్టం. టీచరో, నర్సో, పోలీసో, వ్యాపారో అయినా ఈ శిక్షణ పనికొస్తుంది.

ఆడపిల్లల విషయంలో సంకోచం మరీ ఎక్కువ. నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు సుప్రీంకోర్టు ఆదేశంతో 2021లో ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. మొదటి జట్టులో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటికి వచ్చారు. ఇంటర్ చదివిన ఆడపిల్ల అందుకోగల దారి ఇది. బిడ్డకు ఇష్టం ఉన్నప్పుడు, శిబిరంలో ఆడపిల్లల బసకు, వెంట వచ్చే మహిళా ఆఫీసరుకు సంబంధించిన వివరాలు ముందుగా అడిగి తెలుసుకుని పంపడం మేలు. అడగకుండానే వద్దనేస్తే నష్టపోయేది ఆ బిడ్డే. రంజాన్ నెలలో పరేడు వచ్చినా అంతే. రోజా ఉండే పిల్లల సంగతి ఆఫీసరుతో ముందే మాట్లాడుకోవాలి.

మనలాంటి ఇళ్ళ పిల్లలకు అక్కడ ఏం చోటు అని నిట్టూర్చేవారు అబ్దుల్ హమీద్‌ను గుర్తు చేసుకోవాలి. ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో బట్టలు కుట్టుకుని బ్రతికే ఇంట్లో 1933లో పుట్టాడు. తానూ ఆ పని నేర్చినవాడే. సైన్యంలో హవల్దారు స్థాయిలో ఉండగా 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది ఫిరంగితో శత్రువుల ట్యాంకులను ధ్వంసం చేస్తూ ప్రాణం ఇచ్చాడు. దేశం ఆయనకు పరమవీర చక్ర ఇచ్చింది. మన వీధుల్లోనూ దర్జీల పిల్లలున్నారు.

ఎవరిని ఎంచుకోవాలి?

పొడుగు, గంభీరమైన గొంతు చూసి ఎంచుకోవద్దు. బడిలోని ఎన్.సి.సి. ఆఫీసరును, హెడ్మాస్టరును కలిసి నాలుగు విషయాలు అడగాలి. పరేడు హాజరు ఎంత? శిబిరంలో నడవడిక ఎలా ఉంది? చిన్న క్యాడెట్లకు నేర్పే ఓపిక ఉందా? చదువులో అన్ని సబ్జెక్టులూ గట్టెక్కుతున్నాడా? ఈ నాలుగింటికీ మంచి జవాబు వచ్చిన బిడ్డే మన మనిషి. చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. డిగ్రీ పాసు కాకపోతే 'సి' సర్టిఫికెట్ ఉన్నా అధికారి కాలేడు.

మరో మాట. మన బిడ్డ సార్జెంటు అయింది ఒక్కడే నడిచి కాదు. పక్క వరుసలో వేరే మతం బిడ్డ, వేరే కులం బిడ్డ అడుగు కలిపితేనే పరేడు అయింది. అదే ట్రూపులో ముందున్న మరో బిడ్డను, మతం చూడకుండా, మన వేదిక మీద మన బిడ్డ పక్కనే నిలబెట్టి గౌరవించాలి. ఎన్.సి.సి. నినాదంలో మొదటి మాట ఐకమత్యమే.

సన్మానం రెండు విడతలుగా

మొదటి విడత నవంబరులో. ఆ నెల నాలుగో ఆదివారం ఎన్.సి.సి. దినోత్సవం. ఆ వారంలో ఏదో ఒక రోజు బడి ప్రార్థన సమావేశంలోనే, తోటి పిల్లల ఎదుట, తల్లినీ తండ్రినీ పిలిచి ఆ బిడ్డను గౌరవించాలి. ఫంక్షన్ హాలు అద్దె, ఫ్లెక్సీలు అక్కరలేదు. బడిలో చప్పట్లు విన్న ఏడో తరగతి పిల్లవాడు మరుసటి ఏడు తానూ పేరు ఇస్తాడు.

రెండవ విడత జూన్‌లో. అసలు డబ్బు అప్పుడు ఇవ్వాలి. ఎన్.సి.సి. ఉన్న కాలేజీలో సీటు తీసుకుని, క్యాడెట్‌గా నమోదైన కాగితం చూపించిన బిడ్డకు ఫీజులో కొంత, బస్సు పాసు, బూట్లు, పుస్తకాల ఖర్చు సొసైటీ భరించాలి. నమోదు కొనసాగినన్నాళ్ళు ప్రతి ఏటా ఇవ్వాలి. ఇంటర్‌లో సీటు దొరకని బిడ్డ పేరు కొట్టివేయకుండా డిగ్రీ వరకు జాబితాలో ఉంచాలి. ప్రతి బిడ్డకూ సభ్యులలో ఒకరు పెద్దదిక్కుగా ఉండి, ఏప్రిల్, మే నెలల్లో ఇంటికి వెళ్ళి ఎక్కడ చేర్చబోతున్నారో అడగాలి. ఈ ఒక్క పనికి రూపాయి ఖర్చు లేదు.

డబ్బు లెక్క కూడా తేటగా ఉండాలి. జకాత్ అర్హులైన పేదలకే చెందుతుంది. శాలువాలకు, జ్ఞాపికలకు ఆ సొమ్ము ముట్టుకోకూడదు. నవంబరు గౌరవానికి సాధారణ చందాలు వాడి, జూన్ సాయంలో జకాత్‌కు అర్హులైన ఇళ్ళను మన ఆలిములతో అడిగి విడిగా గుర్తించాలి.

ఎన్.సి.సి. లేని బడులు కావాలని కోరుకుంటే యాజమాన్యం బెటాలియన్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఖర్చు తామే భరించి నడుపుకొనే పద్ధతి కూడా ఉంది. మనవారు నడిపే ప్రైవేటు పాఠశాలలు దీన్ని ఆలోచించాలి.

ఏటా ఇద్దరు పిల్లలను మాత్రమే ఎంచుకుందాం. ఒక్కొక్కరికి ఇంటర్ రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళు, మొత్తం ఐదేళ్ళు తోడుంటే, ఐదో ఏటికి మన జాబితాలో పదిమంది ఉంటారు. మన ఊరి దాతలకు ఇది మోయలేని బరువు కాదు. రాబోయే జూన్‌లో మొదటి ఇద్దరి పేర్లతో ఈ జాబితా మొదలుపెట్టాలని దాతలను, కార్యవర్గాన్ని కోరుతున్నాను.