పాత యంత్రానికి కొత్త కాపురం

యీ మధ్య మన సంఘం సభ్యులలో పలువురు వొకే ప్రశ్న వేస్తున్నారు. "యింట్లో కంప్యూటరు నిక్షేపంలా నడుస్తున్నది. అయినా యిక పనికి రాదంటున్నారు. పారెయ్యవలసిందేనా?" అని. అక్కరలేదని మా అనుభవం. ఆ అనుభవం మేము కొంత పాట్లు పడి సంపాదించుకున్నది గనుక పదిమందికీ చెప్పడం మంచిదనుకుంటున్నాము.

సంగతేమిటంటే, విండోస్ 10కి మామూలుగా వచ్చే మరమ్మతులను మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో ఆపివేశారు. విండోస్ 11 పెట్టుకోవాలంటే యంత్రంలో కొన్ని కొత్త హంగులుండాలి. మా పాత యంత్రానికి అవి లేవు. రిచీ వీధిలో వొక కొట్లో చూపిస్తే "కొత్తది కొనుక్కోండి సార్" అన్నారు. గుమాస్తా సంసారంలో ఆ మాట చెప్పినంత తేలిక కాదు. పైగా ఆ యంత్రంలో మా అమ్మ పాటలున్నాయి. పెళ్ళిపాటలు, మంగళహారతులు, తలంటు పాటలు - తన అమ్మమ్మ నోట విన్నవి అమ్మ పాడుతూ వుంటే మేము కూర్చుని తెలుగులో కొట్టి పెట్టినవి. అవి మరెక్కడా లేవు.

అప్పుడు మా అబ్బాయి "లినక్సు పెడదాం నాన్నా" అన్నాడు. 1991లో ఫిన్లండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' ఉద్యమం ప్రకటించాడు. ప్రోగ్రామును యెవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, దిద్దవచ్చు, పంచిపెట్టవచ్చునన్నది దాని ధర్మం. యీ రెండూ కలిసిన దానినే లోకులు లినక్సు అంటున్నారు. దానిని కూర్చి అందించే బృందాలు అనేకం. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన 'డెబియన్' వాటిలో పెద్దది. తరువాత తన భార్య అయిన డెబ్రా పేరూ, తన పేరూ కలిపి ఆయన ఆ పేరు పెట్టాడు.

యిది మన వూరికి కొత్త కాదు. యిక్కడి సి-డాక్ సంస్థవారు డెబియన్ ఆధారంగానే 'బాస్' అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టమును 2007లో విడుదల చేశారు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థవారు తెలుగులోనే వొకటి కూర్చారు.

మేము డెబియన్‌నే పెట్టుకున్నాము. ముందుగా పాటలన్నీ వొక పెన్‌డ్రైవులోకి నకలు తీశాము. యింకొక పెన్‌డ్రైవులో డెబియన్ యెక్కించి, దానితోనే యంత్రాన్ని నడిపి చూశాము. యీ పద్ధతిలో పాతదానిని చెరపకుండానే తెర, శబ్దము, వైఫై సరిగా వున్నవో లేవో తెలుసుకోవచ్చు. అన్నీ బాగున్నాక గాని లోపల పెట్టలేదు. డిస్కు మొత్తం చెరపమంటారా అని అడిగే చోట మాత్రం రెండుసార్లు చదవాలి. అక్కడ "అవును" అంటే పాతవేవీ మిగలవు.

భాష అడిగినప్పుడు 'తెలుగు' అన్నాము. అనువాదం పూర్తి కాలేదు గనుక అక్కడక్కడ ఇంగ్లీషు కనబడుతుంది. అయినా తెర నిండా తెలుగక్షరాలు చూసి, బడిలో తమిళమూ ఇంగ్లీషూ తప్ప నేర్వని మా అమ్మాయి వొక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదవసాగింది. అది మేము అనుకోని లాభం.

యిక డెస్క్‌టాప్ సంగతి. విండోస్‌లో కాపురం, కట్టుబట్ట వొకటే. లినక్సులో వేరు. కాపురం లోపల వుంటుంది. పైన కనబడే కిటికీలు, బొమ్మలు కట్టుబట్ట వంటివి. నచ్చినది కట్టుకోవచ్చు. 1996లో మొదలైన కె.డి.ఇ.లో అలంకారాలు మెండు. 1997లో మొదలైన గ్నోమ్ నిండుగా వుంటుంది. ఎక్స్ఎఫ్‌సిఇ తేలిక బట్ట. మాకు మొదట వచ్చినది గ్నోమ్. మా ముసలి యంత్రానికి అది పట్టుచీరలా బరువైంది. అందువల్ల ఎక్స్ఎఫ్‌సిఇ తెచ్చుకున్నాము.

తెచ్చుకోవడం సులభం. ప్రోగ్రాములు ప్యాకేజీలుగా డెబియన్‌వారి భాండాగారంలో 60,000కు పైగా వున్నాయి. 'ఆప్ట్' అనే పనివాడు వాటిని తెస్తాడు. సాంబారు పొడి అడిగితే ధనియాలు, మిరపకాయలు, మెంతులు తానే జతచేసే పచారీ కొట్టువాడి వంటివాడు. వొక ప్యాకేజీకి కావలసిన తక్కిన ప్యాకేజీలన్నీ వెంట తెస్తాడు. పోతన, వేమన అనే తెలుగు అక్షరరూపాలు కూడ మేము అట్లాగే తెచ్చుకున్నాము.

తీసివేయడంలోనే మేము దెబ్బతిన్నాము. నెల తరువాత వొక రాత్రి, యిక గ్నోమ్ యెందుకని తీసెయ్యమన్నాము. ఏమేమి పోతాయో జాబితా చూపి "సరేనా?" అని అడిగింది. చదవకుండా "సరే" అన్నాము. ఆ జాబితాలో గుమ్మం దగ్గర పేరు అడిగి లోపలికి పంపే ద్వారపాలకుడు కూడ వున్నాడు. మళ్ళీ వెలిగిస్తే నల్లని తెర, తెల్లని అక్షరాలు. బొమ్మ లేదు, బాణం లేదు.

అమ్మ వెనక నిలబడి "ఒరే, నా పాటలున్నాయిరా?" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ నెలలో అమ్మ చెప్పగా కొట్టిన పదకొండు పాటలకు నకలు తీయలేదు. పేరు, రహస్యపదం కొట్టి లోపలికి పోయి ఫైళ్ళ జాబితా అడిగాము. తెలుగు పేర్లున్న చోట గుర్తు తెలియని డబ్బాలు వచ్చాయి. గుండె జారింది. మా అబ్బాయి నిదానించి, "యీ నల్ల తెరకు తెలుగు రాదు నాన్నా, అంతే" అని, 'లైట్ డి.ఎం.' అనే వేరొక ద్వారపాలకుణ్ణి ఆప్ట్ చేత తెప్పించాడు. యంత్రాన్ని మళ్ళీ వెలిగించాము. పదకొండు పాటలూ పదకొండు తెలుగు పేర్లతో కనబడ్డాయి. అమ్మ వొక్కొక్కటీ తెరిపించి, మొదటి చరణం చదివించుకుని గాని పడుకోలేదు.

బట్ట జారినా కాపురం చెడలేదన్నమాట. కాని అది మా తెలివి వల్ల కాదు. కనుక కొత్తగా పెట్టుకునేవారికి మా మనవి మూడే. ముందు నకలు తీయండి, తీసిన తరువాత కూడ వారం వారం తీస్తూ వుండండి. పెన్‌డ్రైవు మీద నడిపి చూసి గాని లోపల పెట్టకండి. యంత్రం "సరేనా?" అన్నప్పుడు, సంతకం చేసే ముందు దస్తావేజు చదివినట్లు చదవండి.

పారెయ్యబోయిన మా యంత్రం యిప్పుడు కూడంలో వున్నది. సాయంకాలాలు అమ్మ చెబుతుంది, అమ్మాయి కొడుతుంది. దీర్ఘాలు తప్పుతున్నాయి, ఒత్తులు తప్పుతున్నాయి. అమ్మ దిద్దుతున్నది. పన్నెండో పాట సగమైంది.